గీతల లిపి – చదివే చూపు

మానవుడు తన కంటి కోసం లిపిని కల్పించుకొన్నాడు. యంత్రపు కంటి కోసం అతడు కల్పించిన లిపి బార్‌కోడ్. సన్నగా కొన్ని, లావుగా కొన్ని నిలువు నల్లగీతలు, వాటి నడుమ హెచ్చుతగ్గులుగా తెల్లని ఖాళీలు – ఇంతే ఆ లిపి స్వరూపం. పర్చూరు బజారులో కిరాణా కొట్టు మొదలుకొని ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణం వరకు ఈ గీతలు లేని పొట్లం నేడు అరుదు. దుకాణదారు చేతిలోని స్కానర్‌ను గీతలకు ఎదురుగా పట్టగానే ‘బీప్’ అని చిన్న శబ్దం వినిపిస్తుంది. వస్తువు పేరు, ధర తెరపై వెలుస్తాయి. ఒక్కొక్కప్పుడు ఆ శబ్దం రాదు. అతడు పొట్లాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, దగ్గరికి జరిపి, దూరంగా జరిపి, చివరికి విసిగి గీతల కింద అచ్చయిన అంకెలను చేత్తో కొట్టుకొంటాడు. గీతలు అక్కడే ఉన్నాయి. మన కంటికి స్పష్టంగానే ఉన్నాయి. మరి యంత్రానికి ఎందుకు కనబడలేదు? ఈ పాఠంలో మనం విచారించే విషయం ఇదే.

ఈ లిపికి మూలపురుషులు అమెరికాకు చెందిన నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్. తంతివార్తలలో వాడే మోర్సు చుక్కలను, గీతలను మయామీ సముద్రతీరంలోని ఇసుకలో వేళ్లతో కిందికి సాగదీసినప్పుడు సన్నగీతలు, లావుగీతలు ఏర్పడ్డాయని, ఆ క్షణంలోనే తనకు ఈ ఆలోచన తట్టిందని వుడ్‌లాండ్ చెప్పుకొన్నాడు. 1949లో వారు పేటెంటుకు దరఖాస్తు చేశారు; 1952 అక్టోబరు 7న అది మంజూరయింది. అయితే లిపి పుట్టినా దానిని చదివే కన్ను అప్పటికి సిద్ధంగా లేదు. వారు చేసిన తొలి యంత్రానికి 500 వాట్ల దీపం కావలసి వచ్చింది; అది ఒక బల్ల అంత ఉండేది. లేజర్ కిరణం, చౌకైన కంప్యూటరు వచ్చిన తరువాతనే ఈ లిపికి ఆయువు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ అనే అంగడిలో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని స్కానర్‌తో చదివి అమ్మారు. లిపి ఊహలోకి వచ్చాక అంగట్లో పనికి వచ్చేసరికి పాతికేళ్లు గడిచాయి. చదివే సాధనం లేని లిపి ఎంత గొప్పదైనా మూగదే గదా!

ఛందస్సు చదువుకొన్న విద్యార్థికి ఈ గీతలు మరీ కొత్తవి కావు. ‘కోడ్ 39’ అనే ఒక రకం బార్‌కోడ్‌లో ఒక్కొక్క అక్షరానికి అయిదు గీతలు, నాలుగు ఖాళీలు కలిపి తొమ్మిది అంగాలుంటాయి. వాటిలో మూడు మాత్రమే లావైనవి. మిగిలిన ఆరు సన్ననివి. మన లఘువు, గురువు వంటివే ఇవి. ఏ స్థానంలో గురువు పడిందన్న దానిని బట్టి గణం పేరు మారినట్లు, ఏ స్థానంలో లావు గీత వచ్చిందన్న దానిని బట్టి అక్షరం మారుతుంది. మొదటి గురువును లఘువుగా పొరబడితే భగణం నగణమైపోతుంది. అంగడి సరుకుల మీద ఉండే పదమూడంకెల బార్‌కోడ్‌లో పరిస్థితి ఇంకా సున్నితం. అక్కడ రెండు కొలతలు కాదు, నాలుగు కొలతలున్నాయి. అన్నింటికంటె సన్నని గీత మామూలు అచ్చులో 0.33 మిల్లీమీటర్లు, తక్కినవి దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు. ఇటువంటి ప్రమాణాలు 95 చేరితే ఒక బార్‌కోడ్ అవుతుంది. భారతదేశంలోని సంస్థ ద్వారా నమోదైన సంఖ్యలు 890తో మొదలవుతాయి. మిల్లీమీటరులో మూడోవంతును రెండోవంతుగానో నాలుగోవంతుగానో పొరబడకుండా కొలవవలసిన కన్ను ఎంత నిశితంగా ఉండాలో ఊహించండి.

ఆ కన్ను పనిచేసే తీరు ఇది. స్కానర్ నుంచి ఎర్రని లేజర్ కిరణం వెలువడుతుంది. లోపల ఊగే చిన్న అద్దం ఆ కిరణాన్ని గీతల మీదుగా సెకనుకు ఎన్నోసార్లు అటూ ఇటూ నడిపిస్తుంది. తెల్లని చోట వెలుగు ఎక్కువగా తిరిగివస్తుంది. నల్లని చోట చాలావరకు ఇంకిపోతుంది. తిరిగివచ్చిన వెలుగును ఫోటోడయోడ్ అనే భాగం విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు అతి స్వల్పం. దానిని హెచ్చించి, ‘ఇక్కడ తెలుపు ముగిసింది, నలుపు మొదలైంది’ అని అంచులు గుర్తించి, అంచుకూ అంచుకూ నడుమ కాలాన్ని కొలిచి, యంత్రం అంకెలను రాబడుతుంది. స్వల్పమైన సంకేతాన్ని ఎన్ని రెట్లు హెచ్చించాలన్న మోతాదుకే గెయిన్ అని పేరు. ఆంగ్లంలో ఈ మాటకు లాభమని మరొక అర్థం ఉంది. ఆ అర్థమే మనసులో పెట్టుకొని, గెయిన్ ఎంత పెంచితే అంత మేలని భావించేవారు ఎక్కువ. అది సరికాదు. ఎందుకు సరికాదో ఒక లెక్కతో చూద్దాం.

తెల్లని చోట ఫోటోడయోడ్ నుంచి 40 మిల్లీవోల్టులు, నల్లని చోట 5 మిల్లీవోల్టులు వస్తున్నాయనుకొందాం. కాగితపు గరుకుదనం వల్ల, దుమ్ము వల్ల ఈ విలువలు ఎక్కడైనా 2 మిల్లీవోల్టుల మేర అటూ ఇటూ అదురుతున్నాయి. ఈ అదురుకు రొద అని పేరు పెడదాం. కనీసం 1 వోల్టు మార్పు ఉంటేనే యంత్రం దానిని అంచుగా గుర్తిస్తుంది. హెచ్చించే భాగం 5 వోల్టులకు మించి ఇవ్వలేదు. ఇప్పుడు గెయిన్ 20 పెట్టితే తెలుపు 0.8 వోల్టు, నలుపు 0.1 వోల్టు అవుతాయి. వాటి భేదం 0.7 వోల్టు మాత్రమే; యంత్రానికి ఒక్క అంచూ కనబడదు. గెయిన్ 100 పెట్టితే తెలుపు 4 వోల్టులు, నలుపు 0.5 వోల్టు. భేదం 3.5 వోల్టులు, రొద 0.2 వోల్టు దగ్గరే ఆగిపోతుంది. గీతలన్నీ స్పష్టం. ఇంకా మంచిదని 600 పెట్టామనుకోండి. తెలుపు 24 వోల్టులు కావాలి గాని 5 దగ్గర ఆగిపోతుంది; నలుపు 3 వోల్టులకు ఎక్కుతుంది. పైగా రొద 1.2 వోల్టులయింది. నల్లగీత మీద పడిన దుమ్మురేణువు సైతం ఇప్పుడు ఒక కొత్త తెల్లని ఖాళీగా కనబడుతుంది. లేని అక్షరాలను యంత్రం చదవబోతుంది. 1000కి పెంచితే నలుపూ 5 వోల్టులే, తెలుపూ 5 వోల్టులే. అంతా ఒకే తెలుపు. 20 దగ్గర ఎట్లా గుడ్డిదో 1000 దగ్గరా అట్లాగే గుడ్డిది.

మరొక చిక్కు ఉంది. లేజర్ బిందువు ఎంత చిన్నదైనా దానికి కొంత వెడల్పు ఉంటుంది. అందువల్ల తెలుపు నుంచి నలుపునకు మార్పు గోడ దిగినట్లు ఒక్కసారిగా గాక, వాలు దిగినట్లు క్రమంగా జరుగుతుంది. గెయిన్ మితిమీరితే తెలుపు ఆ వాలు వెంట నలుపులోకి పొర్లుతుంది. ఒక్కొక్క వైపు 0.1 మిల్లీమీటరు పొర్లినా 0.33 మిల్లీమీటర్ల సన్నగీత 0.13కు చిక్కిపోతుంది. లావుగీతకు ఆ నష్టం లెక్కలోనిది కాదు. కాబట్టి మొదట నశించేవి లఘువులే!

పురాతన శాసనాలకు ప్రతులు తీసేవారి పని ఇక్కడ గుర్తుకు రాక మానదు. పర్చూరున్న బాపట్ల జిల్లాలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో ధాతు కరండాలను వెలికితీసినప్పుడు వాటి మీది రాతలు చరిత్రకారులకు పెన్నిధి అయ్యాయి. రాతి శాసనాలకు ప్రతి తీసేటప్పుడు తడి కాగితాన్ని రాతిపై అదిమి, దాని మీద సిరా అద్దుతారు. ఉబ్బెత్తు భాగం నల్లబడుతుంది. చెక్కిన అక్షరాలు తెల్లగా మిగులుతాయి. సిరా తక్కువైతే ప్రతి వెలవెలబోయి అక్షరం తేలదు. ఎక్కువైతే సిరా అక్షరాల గుంటలలోకి దిగి వాటిని మింగివేస్తుంది. రాతి మీది ప్రతి గీరూ అక్షరంలా భ్రమింపజేస్తుంది. మన తాళపత్రాలకు మసి పట్టించి చదవడంలోనూ కిటుకు ఇదే. మసి గంటపు గీతలో నిలవాలి, ఆకు మీద తుడుచుకుపోవాలి.

గెయిన్‌ను ఒకచోట బిగించి వదిలితే సరిపోదా? సరిపోదు. కాగితం మీద పడి చెదిరి తిరిగివచ్చే వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 10 సెంటీమీటర్ల దూరంలో పట్టిన పొట్లాన్ని 30 సెంటీమీటర్లకు జరిపితే తిరిగివచ్చే వెలుగు తొమ్మిదో వంతవుతుంది. అందుకే చేతితో పట్టుకొనే స్కానర్లలో సాధారణంగా గెయిన్ తనంతట తానే మారే ఏర్పాటు ఉంటుంది: వెలుగు తగ్గితే పెంచుకొంటుంది, ఎక్కువైతే తగ్గించుకొంటుంది. కాని ఈ ఏర్పాటును మోసగించే వస్తువు మన మైదానంలో ఇంటింటా ఉంది. అది విత్తనాల సంచి. దాని నున్నని ప్లాస్టిక్ పూత మీద కిరణం నిటారుగా పడితే అద్దం మీద పడ్డట్టు తళుక్కున వెనక్కి కొడుతుంది. ఆ మెరుపును చూసి యంత్రం ‘వెలుగు ఎక్కువైంది’ అనుకొని గెయిన్‌ను ఒక్కసారిగా దించుకొంటుంది. అసలు గీతలు మరుగున పడతాయి. స్కానర్‌ను సుమారు 15 డిగ్రీలు పక్కకు వంచితే చాలు, మెరుపు మరోవైపుకు పోతుంది. అనుభవం ఉన్న దుకాణదారు ఈ సూత్రం తెలియకుండానే చేయి వంచుతాడు.

ఇక మిరప సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గుంటూరు, ప్రకాశం మైదానాలలో కారం పొడి పొట్లాలపై ఎరుపు రంగు సహజం. ఒక చిన్న కారం మిల్లువారు అందానికి బార్‌కోడ్ గీతలను కూడా తెల్లని నేలపై ఎర్రసిరాతో అచ్చు వేయించారనుకొందాం. చూడముచ్చటగా ఉంటుంది. కాని ఎర్ర లేజర్ దానిని చదవలేదు. ఎర్రని వస్తువు ఎర్రని వెలుగును ఇంకించుకోదు, తిప్పి పంపుతుంది. అందుచేత ఆ కిరణానికి ఎర్రగీత, తెల్లకాగితం దాదాపు సమానంగా వెలుగుతాయి. భేదమే లేనిచోట గెయిన్ ఏమి చేయగలదు? సున్నాను ఎంతతో హెచ్చించినా సున్నాయే. దీనికి విరుగుడు అచ్చులోనే ఉంది: ఎర్రని నేల మీద నల్లగీతలు వేస్తే స్కానర్ హాయిగా చదువుతుంది. నేల మన కంటికి ఎరుపు, యంత్రానికి తెలుపు. నీలం, ముదురు ఆకుపచ్చ గీతలు కూడా ఎర్ర వెలుగును ఇంకించుకొంటాయి కనుక పనికివస్తాయి.

తెలివైన విద్యార్థి ఇక్కడొక సందేహం అడగవచ్చు: ‘ఆ ఎర్రగీతలను నా ఫోను చదివింది, దుకాణంలోని స్కానర్ చదవలేదు, ఎందుకు?’ ఫోను కెమెరా తెల్లని వెలుగులో చూస్తుంది. ఎర్రగీత నుంచి ఆకుపచ్చ, నీలం వెలుగులు తిరిగి రావు కాబట్టి కెమెరాకు అది కాగితం కంటె చీకటిగా కనబడుతుంది, భేదం మిగులుతుంది. కాబట్టి ఫోనుతో పరీక్షించి ‘బాగుంది’ అని లక్ష పొట్లాలు అచ్చు వేయించడం అవివేకం. ఏ కన్ను చదవబోతున్నదో ఆ కంటితోనే పరీక్షించాలి.

కారం దుమ్ము కూడా ఇదే న్యాయాన నష్టం చేస్తుంది. నల్లగీత మీద పడిన దుమ్ము ఎర్ర వెలుగును తిప్పి పంపి నలుపును పలచన చేస్తుంది. తెలుపు కొంత మాసిపోతుంది. బార్‌కోడ్ అచ్చు నాణ్యతను నిర్ణయించే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. తెలుపు నుంచి, నలుపు నుంచి తిరిగివచ్చే వెలుగుల భేదం 70 శాతం, ఆపైన ఉంటే ప్రథమ శ్రేణి. 55 దాటితే ద్వితీయం. 40 దాటితే తృతీయం. 20 దాటితే చతుర్థం. కొత్త పొట్లంపై తెలుపు 80 శాతం, నలుపు 5 శాతం వెలుగును తిప్పి పంపితే భేదం 75. అదే పొట్లం కారం దుమ్ములో పడి తెలుపు 55కు దిగి, నలుపు 20కి ఎక్కితే భేదం 35. ఒక్కసారిగా నాలుగో శ్రేణికి జారినట్లు. స్కానర్ ముందరి అద్దానికి దుమ్ము అంటితే ప్రతి పొట్లమూ ఇట్లాగే కనబడుతుంది. మిరప టిక్కీలు దాచే శీతల గిడ్డంగులలో మరొక బాధ: చలిలో నుంచి బయటి ఉక్కపోతలోకి తెచ్చిన యంత్రపు అద్దంపై నీటి ఆవిరి పట్టి కిరణాన్ని చెదరగొడుతుంది. ఈ రెంటికీ మందు గెయిన్ కాదు, మెత్తని పొడిగుడ్డ.

గెయిన్‌ను మనిషి చేత్తో సరిచేయవలసిన అవసరం ముఖ్యంగా ఒకచోట స్థిరంగా బిగించిన స్కానర్లకు కలుగుతుంది. జిన్నింగు మిల్లులో దూది బేళ్లు వరుసగా కదిలిపోయే చోటును ఊహించండి. మన దేశంలో దూది బేలు ప్రామాణిక బరువు 170 కిలోలు. 2020 అక్టోబరు 7న, ప్రపంచ పత్తి దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం భారతీయ పత్తికి ‘కస్తూరి’ అనే వ్యాపారనామాన్ని ప్రకటించింది. ఆ పథకంలో బేలు పుట్టుకను తెలిపేందుకు క్యూఆర్ కోడ్‌ను ఆశ్రయించారు. క్యూఆర్ కోడ్ జపానులో 1994లో డెన్సో సంస్థలో రూపొందింది. గీతలకు బదులు గళ్లు. కిరణానికి బదులు కెమెరా. దీని అచ్చులో కొంత భాగం చెడినా తిరిగి రాబట్టుకొనే ఏర్పాటు ఉంది. ఎంచుకొన్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం వరకు నష్టాన్ని అది భరిస్తుంది. నూగు అంటుకొన్న బేలుపై ఆ గుణం ఎంతో ఉపకరిస్తుంది. కెమెరాలో గెయిన్ పెంచితే చిత్రం వెలుగుతుంది, కాని ఇసుక చల్లినట్లు చుక్కలు లేస్తాయి. అందువల్ల చీకటిగా ఉన్నప్పుడు మొదట దీపం పెంచాలి. తరువాత, బేలు కదలికకు చిత్రం చెరిగిపోనంత మేరకు, కెమెరా కన్ను తెరిచి ఉంచే కాలాన్ని పెంచాలి. గెయిన్ వంతు ఆ పైన.

సరిచేసే పద్ధతి ఓపికతో కూడినది గాని కష్టమైనది కాదు. చీటీలలో అన్నింటికంటె బాగా అచ్చయినదొకటి, అన్నింటికంటె మాసినదొకటి ఎంచుకోవాలి. మాసినది గెయిన్ 45 వద్ద చదవబడడం మొదలై 80 వద్ద ఆగిపోయింది, మంచిది 25 వద్ద మొదలై 60 వద్ద ఆగిపోయింది అనుకొందాం. మంచి చీటీ ముందుగా ఆగిపోవడం వింతగా తోచవచ్చు. దాని తెలుపు ప్రకాశవంతం గనుక అదే ముందు పొర్లుతుంది. రెండూ చదవబడేది 45కూ 60కీ నడుమనే. కాబట్టి 52 ప్రాంతంలో నిలపాలి. సరిగ్గా 45 దగ్గర నిలిపితే రేపు మరికాస్త దుమ్ము పడగానే యంత్రం మొరాయిస్తుంది. మాసిన చీటీ 70 దాటితే గాని చదవబడదని తేలితే మాత్రం రెండు పరిధులకూ పొత్తు కుదరదు. అప్పుడు మార్చవలసింది గెయిన్ కాదు, చీటీ. ఈ పరీక్షను మిట్టమధ్యాహ్నం తలుపు తెరిచి ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి దీపాల కింద ఒకసారి చేయడం అవసరం. ఎండ నేరుగా పడే చోట ఎంతటి స్కానరైనా తడబడుతుంది.

ఇంత జాగ్రత్త చేసినా ఎప్పుడైనా ఒక అంకె తప్పుగా వస్తే? దానికి పదమూడో అంకె కాపలా కాస్తుంది. ఎడమ నుంచి బేసి స్థానాల అంకెలను కూడి, దానికి సరి స్థానాల అంకెల మొత్తాన్ని మూడింతలు చేసి కలిపితే పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. 8901234567890 అనే సంఖ్యను చూడండి. బేసి స్థానాల మొత్తం 28, సరి స్థానాల మొత్తం 34. 28కి 102 కలిపితే 130. సరిపోయింది. నడుమనున్న 4ను యంత్రం 9గా పొరబడితే మొత్తం 135 అవుతుంది. యంత్రం ఆ పఠనాన్ని తిరస్కరించి మళ్లీ చూస్తుంది. ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారు యతిప్రాసల వల్ల, గణభంగం వల్ల లేఖకుల తప్పులను పట్టుకొనేది ఈ తీరుననే. తప్పు ఉందని తెలియడం వేరు, ఒప్పు ఏదో తెలియడం వేరు. యతి తప్పిందని చెప్పగలదు గాని పోయిన అక్షరాన్ని తెచ్చి ఇవ్వలేదు. పదమూడో అంకె శక్తీ అంతవరకే.

ఈ విషయం రైతుకు ఎందుకు పట్టాలి? పత్తి, మిరప సాగులో నకిలీ విత్తనం తెచ్చే నష్టం ఒక సంవత్సరపు కష్టాన్ని మింగేస్తుంది. మొలక రాకపోయినా, కాపు రాకపోయినా ఫిర్యాదు చేయడానికి రైతు చేతిలో ఉండే ఆధారాలు సంచి, దానిపైని లాటు సంఖ్య, దుకాణపు బిల్లు. విత్తనం ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో క్యూఆర్ కోడ్ ద్వారా తెలుసుకొనేందుకు కేంద్ర వ్యవసాయ శాఖ 2023 ఏప్రిల్ 19న ‘సాథీ’ అనే వ్యవస్థను ప్రారంభించింది. స్కానర్ చదవనప్పుడు దుకాణదారు రద్దీలో సంఖ్యను చేత్తో కొట్టి ఒక అంకె తారుమారు చేస్తే, సంచి మీది సంఖ్య ఒకటి, బిల్లు మీది సంఖ్య మరొకటి అవుతాయి. నష్టపోయిన నాడు ఆ రెంటికీ పొంతన అడుగుతారు. కాబట్టి విత్తనాలు కొన్నప్పుడు యంత్రం చదివినా, మనిషి రాసినా, బిల్లులోని సంఖ్యను సంచితో పోల్చి చూసుకోవాలి. పంట చేతికి వచ్చేదాకా ఖాళీ సంచిని పారవేయకూడదు. సంచిని కత్తిరించేటప్పుడు గీతలున్న వైపు కాక రెండో వైపు కత్తిరించాలి.

విద్యార్థులకూ ఇది దూరపు విషయం కాదు. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలో మీ జవాబు పుస్తకానికి జతచేసే పత్రంపై బార్‌కోడ్ ఉంటుంది. జవాబులు దిద్దేవారికి మీ పేరు తెలియదు. మార్కులను తిరిగి మీ పేరుకు చేర్చేది ఆ గీతలే. వాటిపై చెమట చేయి ఆనించవద్దు, మడత పడనీయవద్దు, కలంతో గీత గీయవద్దు. ముఖ్యంగా గీతల సముదాయానికి రెండు పక్కలా ఉండే తెల్లని చోటులో ఏమీ రాయవద్దు. అది వృథాగా వదిలిన ఖాళీ కాదు. లిపి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని యంత్రం తెలుసుకొనేది ఆ మౌనం వల్లనే.

ప్రశ్నలు

1. గెయిన్ తక్కువైనా, మితిమీరినా స్కానర్ గీతలను గుర్తించలేకపోవడానికి కారణాలను పాఠంలోని లెక్క ఆధారంగా వివరించండి.

2. తెల్లని నేలపై ఎర్రగీతలను దుకాణపు స్కానర్ చదవలేకపోవడానికి, ఫోను చదవగలగడానికి గల భేదాన్ని తెలపండి.

3. మాసిన చీటీ 50 నుంచి 85 వరకు, మంచి చీటీ 20 నుంచి 58 వరకు చదవబడుతున్నాయి. గెయిన్‌ను ఎక్కడ నిలపాలి? ఎందుకు?

4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా పొట్లంపై పదమూడంకెల సంఖ్యను తీసుకొని చివరి అంకె సరైనదో కాదో లెక్కించి చూడండి.